టర్బోచార్జరునకు నకిలీ భాగములు

నకిలీ విత్తనమువలన ఒక్కసారియైనను నష్టపడని గ్రామము అరుదు. సంచి చక్కగా నుండును, దానిపై ముద్ర చక్కగా నుండును, ధర మాత్రము కొంచెము తక్కువగా నుండును. మొలక వచ్చువరకు, కొన్నియెడల కంకి వేయువరకు గూడ, మోసము బయటపడదు. బయటపడునప్పటికి అదను దాటిపోవును. ఇట్టి మోసమే యంత్రముల విడిభాగములయందును వ్యాపించినది. వానిలో మిక్కిలి అపాయకరమైనవి ట్రాక్టరులకును, వరికోత యంత్రములకును బిగించు టర్బోచార్జరు భాగముల నకళ్లు.

వీనిని గూర్చి మన సంఘ సభ్యులు పలువురు మమ్ము ప్రశ్నించుచున్నారు. రూపమొక్కటియే, బోల్టు రంధ్రములు సరిగా కలియుచున్నవి, మూడవవంతు ధరకే వచ్చుచున్నది, అసలుదే ఏల కొనవలెనని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. అసలు సరకే కొనుడని ముక్తసరిగా చెప్పి ఊరకుండుట మాకు సమ్మతము కాదు. ఏలయన, పెద్ద కంపెనీ పేరు లేకున్నను నిజాయితీగల సరకు లోకమున కలదు. పెద్ద కంపెనీ సరకే బిగించినను నెల తిరుగకముందే కాలిపోయిన టర్బోలును కలవు. ఈ రెండు సంగతులను విడదీసి చూపిననేగాని సభ్యులకు ప్రయోజనముండదు. కావున ముందుగా ఈ పరికరము చేయు పనిని కొంచెము వివరింతుము.

ఇంజనులో డీజిలు మండుటకు గాలి కావలెను. సిలిండరులోనికి ఎంత గాలి పోవునో దానికి తగినంత డీజిలే చక్కగా మండును. అంతకు మించి పంపినచో అది నల్లపొగయై సైలెన్సరు వెంట పోవును. ఇంజను బలము పెరుగవలెనన్న సిలిండరును పెద్దది చేయవలెను, లేదా ఉన్న సిలిండరులోనికే ఎక్కువ గాలిని త్రోయవలెను. ఈ రెండవ పని చేయునదే టర్బోచార్జరు. మనము పోసిన డీజిలు వేడిమిలో సుమారు మూడవవంతు పొగగొట్టము వెంట వ్యర్థముగా పోవుచుండును. ఆ పొగ వడిని ఒక చిన్న రెక్కల చక్రముపైకి మరల్చి దానిని త్రిప్పి, అదే ఇరుసు రెండవ కొననున్న మరియొక చక్రముచేత గాలిని నొక్కి సిలిండరులకు పంపుటయే ఇందలి ఉపాయము. నీటివడికి తిరుగు చక్రమును, కమ్మరి కొలిమితిత్తిని ఒక్క ఇరుసునకు గ్రుచ్చినట్లు భావించిన సరిపోవును.

ఈ ఉపాయమునకు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూఖీ 1905 లో పేటెంటు వ్రాయించుకొనెను. అది ఆచరణకు వచ్చుటకు 20 సంవత్సరములు పట్టెను. 1920ల దశకమున రెండు జర్మను ప్రయాణికుల ఓడలలో దీనిని అమర్చగా ఇంజను బలము 1,750 గుఱ్ఱముల శక్తినుండి 2,500 కు పెరిగెను. 1950ల దశకమున అమెరికాలో కాటర్‌పిల్లర్ కంపెనీవారి డి9 అను పెద్ద గొలుసు ట్రాక్టరునకు దీనిని బిగించిరి. అంగడిలో అమ్ము కారులలోనికి ఇది వచ్చినది 1962 లో, ఓల్డ్స్‌మొబైల్, షెవ్రొలే కంపెనీల మూలమున. కారుకంటె ముందు ట్రాక్టరే దీనిని వాడినదని మనము గర్వింపవచ్చును. మన దేశమున 50 గుఱ్ఱముల శక్తికి మించిన క్రొత్త ట్రాక్టరులకు పొగ నియమములు 2023 జనవరి 1 నుండి కఠినమైనవి. ఆ తరగతి బండ్లలో టర్బో ఇప్పుడు సర్వసాధారణము. వరికోత యంత్రములలోను, లారీలలోను అంతకు ముందునుండియే కలదు.

ఇక ముఖ్యమైన సంగతికి వత్తము. ట్రాక్టరు ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరిగినచో మనము వేగమనుకొందుము. టర్బో ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగును. 1,20,000 చుట్లు అని లెక్కకు తీసికొందము. అనగా సెకండునకు 2,000 చుట్లు. చక్రము అడ్డుకొలత 6 సెంటీమీటరులైనచో దాని అంచు సెకండునకు 377 మీటరులు పరుగెత్తును. గాలిలో ధ్వని పోవు వేగముకంటె ఇది ఎక్కువ.

ఇంత వేగమున బరువు సమముగా లేకున్న ఏమగునో చూడుడు. స్వర్ణవంటి రకపు వడ్లగింజ యొకటి సుమారు 0.02 గ్రాము తూగును. చక్రము నడుమనుండి 1 సెంటీమీటరు దూరమున ఒక్క వడ్లగింజ బరువు ఒకవైపు హెచ్చుగా నున్నదనుకొందము. ఆ గింజ బరువు పైని చెప్పిన వేగమున ఇరుసును 3 కిలోలకు పైబడిన బలముతో ప్రక్కకు లాగును. ఆ లాగుడు సెకండునకు 2,000 మారులు దిక్కు మారుచుండును. అయిదు గింజల బరువు తేడాయున్నచో లాగుడు 15 కిలోలు దాటును. ఇరుసు చూచితిమా, చిటికెనవ్రేలికంటె సన్నము. ఈ కారణముననే మంచి కర్మాగారములలో చక్రములను విడివిడిగా తూచి, కొంచెము కొంచెముగా లోహము గీకి సమము చేయుదురు. పిమ్మట ఇరుసును, బేరింగులను కూర్చిన కోరును మొత్తముగా అధిక వేగమున త్రిప్పి మరల పరీక్షింతురు. ఈ పరీక్షకు వేరుగా యంత్రము కావలెను, నేర్చిన పనివాడు కావలెను, ప్రతి కోరునకును కాలము కావలెను. చేసినదియు చేయనిదియు బల్లమీద ప్రక్క ప్రక్కనే పెట్టినచో కంటికి తేడా కనబడదు. చౌక సరకు తయారుచేయువాడు మొదట మిగిల్చుకొనునది ఇచ్చటనే.

రెండవది లోహము. పొగవైపు చక్రము ఎల్లప్పుడును నిప్పులలో నుండును. డీజిలు ఇంజనులో బరువు లాగునప్పుడు ఆ పొగ వేడిమి 600, 700 డిగ్రీలుండును. పెట్రోలు కారులలో 900 డిగ్రీలు దాటుటయు కలదు. ఆ వేడిమిలో సామాన్యపు ఇనుము మెత్తబడి, ఆ వేగమునకు సాగిపోవును. అందుచే ఆ చక్రమును నికెలు హెచ్చుగాగల మిశ్రమలోహముతో పోత పోయుదురు. ఇది ఖరీదైన లోహము. గాలివైపు చక్రము అల్యూమినియము మిశ్రమము. దాని పోతలో బుడగగాని, సన్నని నెఱ్ఱెగాని ఉండరాదు. పొగవైపు డొల్ల పోత ఇనుముతో చేసినది. నాసి పోతయైన వేడెక్కుచు చల్లారుచు కొలదికాలములోనే బీటలు వారును. లోహము మంచిదియా కాదా యని దుకాణములో చేతితో పట్టుకొని చెప్పగలవాడు లేడు. అట్లు చెప్పెదనను మెకానిక్కు మాటను మేము నమ్మము.

మూడవది బేరింగు. టర్బోలోని బేరింగు సాధారణముగా గుండ్లు గల బేరింగు కాదు. కంచుతో చేసిన చిన్న గొట్టము. దానికిని ఇరుసునకును నడుమ ఎడము మన తలవెండ్రుక మందములో సగమైనను ఉండదు. ఆ సందులోనికి ఇంజనాయిలు ఒత్తిడితో వచ్చి పలుచని పొరగా నిలుచును. ఇరుసు లోహముపై గాక ఆ నూనెపై తేలుచు తిరుగును. ఎడము కొంచెము తక్కువైన నూనె నిలువదు. కొంచెము ఎక్కువైన ఇరుసు ఊగి, చక్రము అంచు డొల్లకు తగులును. నూనె కొలది సెకండులు ఆగినను చాలును, కంచు కరగి ఇరుసునకు అంటుకొనును.

ఈ మూడింటిలో ఒక్కటియు పైకి కనబడదు. కనబడునవి డొల్ల ఆకారము, రంధ్రముల ఎడము, రంగు, పేరు చెక్కిన రేకు. వీనిని అచ్చుగ్రుద్దినట్లు అనుకరించుట ఏమంత కష్టము కాదు. "రంధ్రములు సరిగా కలిసినవి" అను మాట అందుచే ఏమియు నిరూపింపదు.

వేగపు కారుల మోజుగలవారి అనుభవమునుండి మనము నేర్చుకొనదగినది కొంత కలదు. పేరుమోసిన టర్బోల నకళ్లను నాలుగవవంతు, అయిదవవంతు ధరకు తెప్పించుకొని, కారునకు మొదటనున్నదానికంటె ఎక్కువ గాలి ఒత్తిడి పెట్టి నడుపువారు పెక్కు దేశములలో నున్నారు. కొందరికి అది కొంతకాలము నడచును. నడచినవాడు లోకమునకెల్ల చాటును. పోయినవాడు సిగ్గుచే ఊరకుండును. కావున వినబడు మెప్పును బట్టి సరకు మంచిదనుట పొరబాటు. మరియు వారి కారు వారమునకొకసారి విలాసమునకు బయటికి వచ్చునది, కొలది నిమిషములు మాత్రమే పూర్తి బలముతో పరుగెత్తునది. మన కోతయంత్రము తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు, దుమ్ములో, ఎండలో, ఇంచుమించు పూర్తి బరువుతో నడచును. కారునకు రెండేండ్లు వచ్చిన నకలు మనకు ఒక్క పంటకాలమైనను వచ్చునని చెప్పజాలము. మన యువకులలో సెకండుహ్యాండు టర్బో కారులు కొనువారు ఇప్పుడు కలరు. వారికిని ఇదే మాట వర్తించును. పెట్రోలు బండికి వేడిమి హెచ్చు గనుక అపాయమును హెచ్చే.

అపాయమన్నాము, అది డబ్బునష్టము మాత్రమే కాదు. టర్బో చెడు విధములు కొన్ని కలవు. గాలివైపు చక్రము విరిగినచో ఆ ముక్కలు గాలితోబాటు సిలిండరులలోనికి పోయి వాల్వులను, పిస్టనులను గాయపరచును. బేరింగు అరిగినచో నూనె పొగగొట్టములోనికి కారి, చూచుచుండగనే ఇంజనాయిలు ఖాళీయగును. డ్రైవరు గమనింపకున్న ఇంజనంతయు పట్టివేయును. నూనె గొట్టము కలుపు చోట పగిలి, కాగియున్న డొల్లపై నూనె చిమ్మినచో మంట పుట్టును. ఆ ప్రక్కనే ఎండుగడ్డి యుండును. ఈ మాటకు వివరణ అక్కరలేదు.

అన్నిటికంటె భయంకరమైనది మరియొకటి. టర్బో లోపలి సీలు చెడి, నూనె గాలిగొట్టము వెంట సిలిండరులలోనికి పోవుటకు మొదలిడినచో, డీజిలు ఇంజను ఆ నూనెనే మండించుకొని నడచును. తాళముచెవి త్రిప్పినను ఆగదు. డీజిలు కట్టినను ఆగదు. వేగము తనంతట తాను పెరుగుచు, నూనె అయిపోవువరకో, ఇంజను పగులువరకో నడచును. అట్టి సమయమున గాలి పోవు మూతిని చదునైన చెక్కతోగాని, రేకుతోగాని గట్టిగా మూసినచో ఇంజను ఊపిరాడక ఆగును. అరచేయి అడ్డుపెట్టరాదు, గుడ్డ పెట్టరాదు. ఆ పీల్పు గుడ్డను లోనికి లాగికొనును, చేతిని గాయపరచును. దగ్గరకు పోవుటకు వీలులేనంత వేగము పెరిగినయెడల యంత్రమును వదలి అందరును దూరముగా పోవలయును. ఇంజను మరల కొనవచ్చును. కోతయంత్రము నడుపు ప్రతి డ్రైవరునకును యజమానులు ఈ సంగతిని ముందుగానే చెప్పియుంచవలయునని మా ప్రార్థన.

ఇంతవరకు చదివినవారు అసలు కంపెనీ పెట్టెలోనిది తప్ప వేరొకటి ముట్టరాదని మేము చెప్పుచున్నామనుకొనవచ్చును. అట్లు కాదు. అంగడిలో సరకు నాలుగు తెరగులుగా నున్నది. ట్రాక్టరు కంపెనీ పేరుతో వచ్చు పెట్టె యొకటి. ట్రాక్టరు కంపెనీలు సామాన్యముగా టర్బోను తామే చేయవు, టర్బోలు చేయు వేరు కంపెనీలనుండి కొనును. ఆ చేసిన కంపెనీ తన స్వంత పెట్టెలో పెట్టి అమ్మునది రెండవది. ఒకే కర్మాగారపు సరకై యుండియు ఇది తరచుగా కొంత తక్కువకు దొరకును. మా యభిప్రాయమున రైతు మొదట విచారింపవలసినది దీనినే. మూడవది, వేరొక తయారీదారు తన పేరుతోనే, తన బాధ్యతపైనే, బిల్లుతోను పూచీకాగితముతోను అమ్మునది. ఇందు మంచివియు కలవు, సామాన్యమైనవియు కలవు; వాడిన పొరుగువారిని, మెకానిక్కులను ఒకరిద్దరిని విచారించి కొనవచ్చును. అది నకలు కాదు, మోసము కాదు. నాలుగవది, ఇతరుల పేరు దొంగిలించి ముద్రించుకొన్నది, లేదా పేరే లేక తెల్ల అట్టపెట్టెలో వచ్చునది. మా వ్యతిరేకత యంతయు ఈ నాలుగవదానిపైననే. తన పేరు చెప్పుటకు జంకువాని సరకునకు రేపు పూచీపడువాడెవడు?

పట్టణములలో మరియొక అలవాటు కలదు. టర్బో పాడైనదనగానే కోరు విప్పి, చౌకగా దొరకు కిట్టులోని బేరింగులను, రింగులను మార్చి, మరల బిగించి యిత్తురు. కిట్టు మంచిదైనను, చక్రములు విప్పి బిగించినపిమ్మట కోరును త్రిప్పి సమము చూడకున్న పైని చెప్పిన వడ్లగింజ లెక్కయే వచ్చి కూర్చుండును. అట్టి పరీక్షాయంత్రము గల రిపేరుచోట్లు కొన్ని పెద్ద పట్టణములలో కలవు. అచ్చట చేయించి, పరీక్ష చేసిన కాగితము తీసికొనుట తప్పుకాదు. లేనిచోట కిట్టు వేయించుటకంటె, సమము చేసి వచ్చిన కోరును మొత్తముగా మార్చుట మేలు. డొల్లలు బాగుగానున్న యెడల క్రొత్త టర్బో ధరకంటె కోరు ధర తక్కువగా నుండును.

ఇప్పుడు మొదట చెప్పిన రెండవ సంగతి. అసలైన టర్బోయే ఏల నెలలోపల పోవుచున్నది? మొదటిది ఏల పోయినదో కనుగొనకుండ రెండవదానిని బిగించుటవలన. టర్బో తనంతట తాను చెడుట తక్కువ. దానిని చంపునవి నూనె, దుమ్ము, తొందర. ఇంజనాయిలు గడువు దాటి మడ్డియైనచో, నూనె తెచ్చు సన్నగొట్టములో ఆ మడ్డి గడ్డకట్టి దారి మూసివేయును. ఆ గొట్టమునే మరల బిగించినచో ఎంత ఖరీదైన టర్బో తెచ్చినను దానికి దక్కునది ఎండు గొట్టమే. వందల రూపాయల గొట్టమును మార్చుటకు వెనుకాడి వేల రూపాయల టర్బోను రెండుమారులు కొన్నవారు లేకపోలేదు. ఆయిలు ఫిల్టరు, గాలి ఫిల్టరు నకళ్లు గూడ ఈ లెక్కలోనివే. టర్బో అసలుది కొని ఫిల్టరు నకలుది వేయుట తలుపునకు తాళము వేసి గోడకు కన్నము పెట్టుటవంటిది.

వరికోతలో గాలి ఫిల్టరు పొట్టుతోను, దుమ్ముతోను త్వరగా పూడును. ఫిల్టరు పూడినప్పుడు టర్బో గాలిని బలముగా పీల్చుటచే లోపలి సీలు దాటి నూనె బయటికి వచ్చును. నూనె తిరిగి ఇంజనులోనికి దిగు గొట్టము పూడినను, నలిగినను, ఇంజను ఊపిరిగొట్టము మూసుకొన్నను ఇదే జరుగును. అప్పుడు టర్బో చెడిపోయినదని తీర్పు చెప్పి క్రొత్తది అమ్ముదురు. నిజముగా కావలసినది ఫిల్టరు శుభ్రము చేయుటయే. నల్లపొగ వచ్చినచో గాలి చాలలేదని అర్థము. గాలిగొట్టపు రబ్బరు హోసు పగిలినను నల్లపొగయే వచ్చును. నీలపుపొగ నూనె మండుచున్నదని చెప్పును. అది టర్బోనుండియు కావచ్చును, పిస్టను రింగులనుండియు కావచ్చును. ఇంజను చల్లారినపిమ్మట గాలివైపు హోసు విప్పి, ఇరుసును వ్రేళ్లతో పట్టి చూడుడు. ప్రక్కలకు కొంచెము కదలిక యుండుట సహజము, దానికి బెదరనక్కరలేదు. ముందువెనుకలకు చేతికి తెలియునట్లు కదలినను, చక్రము డొల్లకు రాచుకొన్న గుర్తులున్నను, రెక్కల అంచులు విరిగియున్నను టర్బో నిజముగా పోయినట్లు.

బిగించునప్పుడు గాలిగొట్టములను, వాని నడుమ రేడియేటరువంటి గాలి చల్లబరచు పెట్టెయున్నచో దానిని, విప్పి కడుగవలెను. పాత చక్రపు ముక్క యొక్కటి అందు మిగిలినను క్రొత్త చక్రమునకో, వాల్వునకో తగులును. నూనెగొట్టము కలుపుచోట ప్యాకింగుకు బదులు జిగురుపేస్టు పూయు నలవాటు మానవలెను. ఆ పేస్టు లోనికి సాగి నూనెదారిని మూయును. ఇంజనాయిలును, ఫిల్టరును మార్చవలెను. స్టార్టు చేయకముందు టర్బో నూనెరంధ్రములో శుభ్రమైన ఇంజనాయిలు కొంచెము పోసి ఇరుసును చేతితో త్రిప్పవలెను. స్టార్టు చేసినపిమ్మట కొలది నిమిషములు తక్కువ వేగముననే ఉంచవలెను. ప్రతిదినమును పని ముగిసినప్పుడు రెండు మూడు నిమిషములు తక్కువ వేగమున నడిపి పిమ్మట ఆపవలెను. నిప్పువలె కాగిన టర్బోకు నూనె ఒక్కసారిగా ఆగినచో ఆ మిగిలిన నూనె లోపలనే మాడి బొగ్గగును. ఈ రెండు నిమిషములకు ఓపికలేని డ్రైవరు యజమానికి బహు ఖర్చు.

ఇక ధరల లెక్క. మేము ఇచ్చునవి లెక్క సులభమగుటకై ఊహించిన అంకెలు; ఎవరి యంత్రమునకు తగిన అంకెలు వారు వేసికొనవచ్చును. అసలు టర్బో 20,000 రూపాయలు, నకలు 7,000 రూపాయలు అనుకొందము. మిగులు 13,000. కోతయంత్రము గంటకు 2,000 చొప్పున దినమునకు 8 గంటలు నడచిన 16,000 రూపాయలు. నకలు వేసినందున యంత్రము ఒక్క దినము నిలిచిపోయినను మిగిలినది పోయి పైన 3,000 నష్టము. ఇంజను విప్పవలసివచ్చినచో ఆ లెక్క వేరు. ఇది యంత్రపు యజమాని లెక్క మాత్రమే. సార్వా కోతలు నవంబరు మాసమున ముమ్మరముగా సాగుచుండగా, సముద్రమున వాయుగుండము పట్టినదన్న వార్త వచ్చి, ఊరిలోనున్న రెండు యంత్రములలో ఒకటి నిలిచిపోయినచో, పండిన చేను నీటిలో పడుకొన్న రైతునకు కలుగు నష్టము ఏ బిల్లులోను చేరదు. ఆ రైతు టర్బో కొన్నవాడు కాడు, దాని పేరైనను విన్నవాడు కాకపోవచ్చును. యాసంగి కోతలలో వడగండ్ల భయముగల తెలంగాణా గ్రామములకును ఇట్లే.

కొనునప్పుడు పాత టర్బోపైనున్న రేకుమీది భాగసంఖ్యను పూర్తిగా, ప్రతి అక్షరముతో, వ్రాసికొని పోవలెను. "ఫలానా ట్రాక్టరుది" అన్న చాలదు. ఒకే పేరుగల బండికి సంవత్సరమును బట్టి వేరు టర్బోలుండును. సంఖ్య తప్పిన అసలు సరకును ఆ ఇంజనునకు పనికిరానిదే. క్రొత్తదానిపై సంఖ్య చెక్కిన తీరును, అక్షరములలోని తప్పులను, పెట్టెమీది సంఖ్యయు లోపలి రేకుమీది సంఖ్యయు ఒకటియా కాదా యనుటను చూడవలెను. కొన్ని కంపెనీలు పెట్టెపై గుర్తు ముద్రించి, ఫోనుతో పరీక్షించుకొను వీలు కల్పించినవి. అట్టిదున్నచో డబ్బు ఇయ్యకముందే పరీక్షింపవలెను, ఇచ్చినపిమ్మట కాదు. అయితే పెట్టెలను గూడ నకలు చేయుదురు, వాడిన అసలు పెట్టెలను, పాత కోరులను పోగుచేసి మరల నింపువారును కలరు. కావున మన చేతిలోని ఖాళీపెట్టెను చింపివేయుట, పాత చక్రపు రెక్కలను సుత్తితో వంచి పిమ్మట పాతయినుమువానికి ఇచ్చుట మంచిది. మన చెత్తయే మరియొక రైతునకు క్రొత్త సరకై పోరాదు గదా.

బిల్లు లేని కొనుగోలు వలదు. జి.ఎస్.టి. సంఖ్య, భాగసంఖ్య, తయారీదారు పేరు, పూచీ కాలము బిల్లుపై నుండవలెను. బిల్లు వలదన్నచో ధర తగ్గింతునని చెప్పు వర్తకుడు, రేపు మీరు తిరిగివచ్చినప్పుడు ఏమి చెప్పునో ఈనాడే చెప్పుచున్నాడు. ఇతరుల వ్యాపారగుర్తును దొంగిలించి వాడుట 1999 నాటి ట్రేడుమార్కుల చట్టమున 103, 104 సెక్షనుల క్రింద నేరము. 6 నెలలకు తగ్గని, 3 సంవత్సరముల వరకు ఖైదు, 50,000 రూపాయలకు తగ్గని, 2 లక్షల వరకు జరిమానా కలవు. మోసపోయిన కొనుగోలుదారు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 2 సంవత్సరములలోపల జిల్లా కమిషనుకు ఫిర్యాదు చేసికొనవచ్చును. కొన్న సరకు విలువ 5 లక్షల లోపైనచో రుసుము లేదు. ముందుగా 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. కోతయంత్రము కిరాయికి త్రిప్పువారొక సంగతి గమనింపవలెను. వ్యాపారమునకై కొన్నవాడు వినియోగదారుడు కాడని ఎదురుపక్షము వాదించును. తాను స్వయముగా శ్రమించి జీవనోపాధికై మాత్రమే వాడుకొనువానిని చట్టము వినియోగదారునిగానే యెంచుచున్నది గనుక, ఆ మాట ఫిర్యాదులో స్పష్టముగా వ్రాయవలెను.

కోర్టుకంటె ముందు మనకు మరియొక దారి కలదు. ఇంగ్లండు దేశమున రాచ్‌డేలు పట్టణమందలి నేతపనివారు మొదలగువారు 1844 డిసెంబరు 21 న తమ సహకార దుకాణము తెరచినప్పుడు అందు అమ్మినవి పిండి, వెన్న, పంచదార మొదలగు సామాన్యపు సరకులే. కల్తీలేని సరకు, సరియైన తూకము దొరకుటయే ఆ దుకాణపు గొప్ప. ఒంటరివాడు వర్తకుని ఎదుట నిలిచి ఇది అసలుదా యని అడిగినచో నవ్వి ఊరకొనును. ముప్పదిమంది కొనుగోలు ఒక్కచోట చేరినచో తయారీదారే మనకు వ్రాసి యిచ్చును. విత్తనములకును, ఎరువులకును మన సంఘములు చేయుచున్నది ఇదే. టర్బో కోరులకు, ఫిల్టరులకు, ఇంజనాయిలునకు ఏల చేయరాదు?

అందుకు ముందుగా కావలసినది, మన సంఘ గ్రామములలో ఏయే యంత్రములున్నవి, వానికి ఏ భాగసంఖ్యలు గల టర్బోలు, ఫిల్టరులు కావలయునను పట్టిక. యంత్రము గలవారు తయారీ సంవత్సరము, ఇంజను సంఖ్య, టర్బో రేకుమీది సంఖ్య, ఇప్పటివరకు టర్బో ఎన్నిమారులు మార్చినదియు, ఏల మార్చినదియు ఒక కాగితముపై వ్రాసి సంఘ గుమాస్తాకు ఇయ్యవలెను. రేకుపై మసి పట్టియున్నచో కిరసనాయిలు గుడ్డతో తుడిచిన అంకెలు కనబడును. సార్వా కోతలకు రెండు మాసములు ముందుగా ఈ పట్టిక తయారైనచో, ఎక్కువమందికి పనికివచ్చు కోరు ఒకటి రెండింటిని సంఘపు గదిలో సిద్ధముగా నుంచుటకు పాలకవర్గము ఎదుట పెట్టవచ్చును.